రెండు గెలాక్సీలు కలిస్తే నిజంగా ఢీకొనేది ఏది?

2025 జూన్‌లో ఒక ఖగోళ వార్త మన పత్రికల దాకా వచ్చింది. పాలపుంత, ఆండ్రోమెడా గెలాక్సీలు ఎప్పటికైనా ఢీకొని తీరతాయని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న మాట అంత ఖాయమేమీ కాదని, రాబోయే వెయ్యి కోట్ల సంవత్సరాల్లో అది జరిగే అవకాశం సగానికి సగమేనని కొత్త లెక్క తేల్చింది. శ్రీకాకుళంలో మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ వార్త చదివి, మా అరుగు మీద కూర్చుని అడిగింది: "మాస్టారూ, అలా జరిగితే ఏదో ఒక నక్షత్రం వచ్చి మన సూర్యుడికి తగలదా?"

తగలదు. ఆ మాట చెప్పడం తేలికే. కానీ వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది. నక్షత్రాలు తగలకపోతే ఢీకొనడం అని దేన్ని అంటున్నారు? ఫొటోల్లో ఆ గెలాక్సీలు తోకలు సాచుకుని, ఎర్రగా నీలంగా చెదిరిపోయి ఎందుకు కనిపిస్తాయి? ఈ ప్రశ్నల వెంట వెళ్తే మనం చేరేది కంటికి కనబడని ఒక పదార్థం దగ్గరికి. నక్షత్రాల మధ్య పరుచుకుని ఉండే చల్లని వాయువు అది.

## అరసవల్లిలో ఒక ఆవగింజ, విజయనగరంలో మరొకటి

ముందు దూరాల సంగతి చూద్దాం. సూర్యుడి అడ్డుకొలత సుమారు 14 లక్షల కిలోమీటర్లు. అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సూర్యుణ్ని రెండు మిల్లీమీటర్ల ఆవగింజగా కుదించి, అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి మెట్ల మీద పెట్టామనుకోండి. అదే కొలతలో ప్రాక్సిమా దాదాపు 57 కిలోమీటర్ల అవతల పడుతుంది. పక్షి ఎగిరినట్లు తిన్నగా కొలిస్తే అరసవల్లి నుంచి విజయనగరం కోటకు ఉన్న దూరం అంతే. ఈ రెండు గింజల మధ్య పొలాలు, ఊళ్లు, రెండు నదులు ఉన్నట్లు ఊహించుకోకండి. అక్కడ మరే గింజా లేదు.

ఇలా చల్లిన గింజల గుంపులు రెండు ఒకదానిలోంచి ఒకటి దూరి వెళ్లినా గింజకు గింజ తగిలే అవకాశం లేదనే చెప్పాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వలస వచ్చే పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఎదురెదురుగా ఎగిరే రెండు గుంపులు ఒకదాని సందుల్లోంచి ఒకటి సాగిపోతాయి.

వాయువు సంగతి వేరు. పైన వేసుకున్న కొలతలోనే వంద కాంతి సంవత్సరాల పొడవున్న వాయు మేఘం శ్రీకాకుళం నుంచి దాదాపు ఢిల్లీ దాకా పరుచుకుంటుంది. అలాంటి రెండు మేఘాలు ఎదురుపడితే పక్కకు తప్పుకునే చోటుండదు. వంగర మండలం సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసేచోట నిలబడి చూడండి. ఒక నీరు మరో నీటిలోంచి తప్పుకుని తన దారిన పోలేదు. రెండూ తోసుకుంటాయి, సుళ్లు తిరుగుతాయి, వేగం కోల్పోతాయి. గెలాక్సీలు కలిసేటప్పుడు నక్షత్రాలు కొంగల్లా, వాయువు నదుల్లా నడుచుకుంటాయి.

## వాయువు ఎంత చల్లన, ఎంత పలుచన

గెలాక్సీలోని వాయువులో సింహభాగం హైడ్రోజన్. బరువులో దాదాపు పావువంతు హీలియం, మిగతావన్నీ కొద్దికొద్దిగా. ఈ హైడ్రోజన్ మూడు అవస్థల్లో దొరుకుతుంది. లక్షల డిగ్రీల వేడిలో ఎలక్ట్రాన్ ఊడిపోయి ఉండేది అయనీకరణ చెందిన వాయువు. గెలాక్సీ చుట్టూ పెద్ద గోళంలా ఆవరించి ఉంటుంది. ఎలక్ట్రాన్‌ను అంటిపెట్టుకుని ఒంటరిగా తిరిగేది పరమాణు హైడ్రోజన్. దాని చల్లని భాగం సుమారు 100 కెల్విన్, అంటే సున్నాకు దిగువన 173 సెల్సియస్ డిగ్రీలు. రెండేసి పరమాణువులు జతకట్టినది అణు హైడ్రోజన్. ఇది ధూళి చాటున 10, 20 కెల్విన్ల దగ్గర ఉంటుంది. పది కెల్విన్ అంటే సున్నాకు దిగువన 263 డిగ్రీలు. 'చల్లని వాయువు' అన్నప్పుడు ఈ చివరి రెండింటినే అంటారు.

మేఘం అన్న మాట విని దట్టంగా ఉంటుందనుకోవద్దు. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు అణువులు రెండున్నర లక్షల కోట్ల కోట్లకు దగ్గరగా ఉంటాయి, అంటే 25 పక్కన పద్దెనిమిది సున్నాలు. నక్షత్రాలు పుట్టే అణు మేఘంలో అదే చోట కొన్ని వందలో, కొన్ని వేలో ఉంటాయి. ప్రయోగశాలలో మనం మామూలుగా సాధించే శూన్యం కన్నా అది పలుచన. అయినా మేఘం పెద్దది కాబట్టి, మొత్తం కలిపితే లక్షల సూర్యుల బరువు తూగుతుంది.

ఇంత చల్లదనం ఎందుకు ముఖ్యం? నక్షత్రం పుట్టాలంటే మేఘం తన బరువుకు తానే కుంగాలి. లోపలి వేడి దాన్ని బయటికి తోస్తుంది, గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది. ఈ పెనుగులాటలో ఏది నెగ్గుతుందో 1902లో జేమ్స్ జీన్స్ లెక్కగట్టారు. సాంద్రత మారకుండా ఉంటే, కుంగడానికి కావలసిన కనీస బరువు ఉష్ణోగ్రత ఒకటిన్నర ఘాతం చొప్పున పెరుగుతుంది. ఉదాహరణకు 10 కెల్విన్ దగ్గర ఒక సూర్యుడంత బరువు చాలిన చోట, 1000 కెల్విన్ దగ్గర ఎంత కావాలి? వేడి వంద రెట్లు. వందను వర్గమూలం చేస్తే పది. వందను పదితో గుణిస్తే వెయ్యి. అంటే వెయ్యి సూర్యుల బరువు పోగుపడితే తప్ప ఆ వాయువు కుంగదు. నక్షత్రాలకు ముడిసరుకు చల్లని వాయువే అనడానికి కారణం ఇదే.

## కలయికలో ఆ వాయువుకు ఏమవుతుంది

రెండు గెలాక్సీలు దగ్గరవుతుంటే ఒకదాని ఆకర్షణ రెండోదాని దగ్గరి అంచును గట్టిగా, దూరపు అంచును మెల్లగా లాగుతుంది. చంద్రుడు కళింగపట్నం తీరాన ఆటుపోట్లు తెప్పించేదీ ఇలాంటి తేడాతోనే. ఆ లాగుడుకు గెలాక్సీ సాగి, పొడవాటి తోకలు పుడతాయి. 1972లో అలార్, యూరి టూమ్రే అనే సోదరులు ఆనాటి కంప్యూటర్ మీద ఈ లెక్క వేసి చూపారు. అంతకుముందు ఆ తోకలకు అయస్కాంత బలాల వంటివి కారణమని వాదించినవారూ ఉన్నారు.

లోపల ఇంకో పని జరుగుతుంది. చెదిరిన నక్షత్రాలు ఒక దిమ్మెలా పోగై, దానికి కాస్త ముందుగా పరుగెడుతున్న వాయువును వెనక్కి లాగుతాయి. వాయువు తన భ్రమణాన్ని పోగొట్టుకుంటుంది. తిరగడం తగ్గిన వాయువుకు కేంద్రం వైపు జారడం తప్ప దారి లేదు. వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న సరుకు కొన్ని వందల కాంతి సంవత్సరాల ఇరుకులోకి చేరుతుంది. అక్కడ సాంద్రత పెరిగి, నక్షత్రాలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి.

దీనికి పేరుమోసిన ఉదాహరణ ఆర్ప్ 220. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మామూలు కాంతిలో చూస్తే ధూళి కమ్మిన మసక మచ్చ. 1983లో ఐరాస్ ఉపగ్రహం పరారుణ కాంతిలో ఆకాశాన్ని గాలించినప్పుడు ఇలాంటి గెలాక్సీలు లక్ష కోట్ల సూర్యులకు మించి వెలుగుతున్నాయని బయటపడింది. ఆర్ప్ 220లో రెండు గెలాక్సీల కేంద్రాలు సుమారు 1200 కాంతి సంవత్సరాల ఎడంలోకి వచ్చేశాయి. పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యుల బరువు మేర నక్షత్రాలు పుడుతుంటే, అక్కడ రెండు వందల సూర్యుల మేర పుడుతున్నాయి.

వాయువు ఎప్పుడూ కేంద్రానికే చేరుతుందని కూడా అనలేం. 1785లో విలియం హెర్షెల్ కంటపడిన యాంటెన్నా గెలాక్సీలను చూడండి. అవి దాదాపు ఏడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కార్వస్ రాశిలో, అంటే మన హస్త నక్షత్రం దిక్కున ఉన్నాయి. అక్కడ అతి పెద్ద అణు మేఘాలూ, పసి నక్షత్ర సమూహాలూ రెండు కేంద్రాల్లో కన్నా వాటి మధ్య, పళ్లేల్లాంటి ఆ రెండు గెలాక్సీలూ ఒకదానిమీద ఒకటి పడ్డచోట ఎక్కువగా ఉన్నాయి. మన రైతులకు హస్త కార్తె బాగా తెలుసు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు కాబట్టి అప్పుడు హస్తను చూడలేం. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన అరచేతి వేళ్లలా ఐదు చుక్కలు కనిపిస్తాయి. యాంటెన్నాలు ఆ పక్కనే ఉన్నా, వాటికి పెద్ద టెలిస్కోపు కావాలి.

ఈ రెండు ఉదాహరణలు చూసి ప్రతి కలయికా నక్షత్రాల జాతర అనుకుంటే పొరపాటు. వేలాది జంట గెలాక్సీలను కలిపి చూస్తే నక్షత్రాల పుట్టుక సగటున రెట్టింపుకు అటూ ఇటూగా పెరుగుతోంది, అంతే. ఆర్ప్ 220 లాంటివి అరుదు. ఆ పెరుగుదలకు కారణం చల్లని వాయువు ఎక్కువగా చేరడమా, ఉన్న వాయువే త్వరగా నక్షత్రాలుగా మారడమా అన్నది ఇంకో చర్చ. కొలతల్లో రెండూ కనిపిస్తున్నాయి. ఒక జంటలో మొదటిది, ఇంకో జంటలో రెండోది పైచేయిగా ఉంటోంది.

## చీకటిలోని వాయువును ఎలా చూస్తారు

పరమాణు హైడ్రోజన్ తనంతట తాను ఒక చిన్న సంకేతం పంపుతుంది. ఎలక్ట్రాన్, ప్రోటాన్ల తిరుగుడు ఒకే దిశలో ఉన్న స్థితి నుంచి ఎలక్ట్రాన్ తిరగబడినప్పుడు 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వెలువడుతుంది. అంటే దాదాపు జానెడు పొడవు. పౌనఃపున్యం 1420 మెగాహెర్ట్జ్, మన ఫోన్లు వాడే 900కూ 1800కూ మధ్యన. ఒక పరమాణువు ఇలా మారడానికి సగటున కోటి సంవత్సరాలకు పైగా పడుతుంది. అయినా పరమాణువులు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి ఎప్పుడూ ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. హెంక్ వాన్ డి హుల్స్ట్ 1944లో ఊహించిన ఈ తరంగం 1951లో పట్టుబడింది. పుణె జిల్లాలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుకు ఇది ముఖ్యమైన పని.

ఇంకో పద్ధతీ ఉంది. కళింగపట్నంలో మంచు పట్టిన రాత్రి లైట్‌హౌస్ దీపాన్ని చూస్తే, మధ్యలో ఎంత మంచు ఉందో వెలుగు మందగించడాన్ని బట్టి చెప్పవచ్చు. అలాగే గెలాక్సీ కేంద్రంలో బలమైన రేడియో మూలం ఉంటే, ముందున్న హైడ్రోజన్ సరిగ్గా 21 సెంటీమీటర్ల దగ్గర దాన్ని కొంత మింగేస్తుంది. కలుస్తున్న గెలాక్సీల కేంద్రాల్లో ఈ మింగుడు మామూలు గెలాక్సీల్లో కన్నా చాలా తరచుగా కనిపిస్తోంది. వాయువు లోపలికి జారుతుందన్న లెక్కకు ఇది నేరుగా దొరికిన సాక్ష్యం.

అణు హైడ్రోజన్‌తోనే చిక్కు. దాని రెండు చివరలూ ఒకేలా ఉండడంతో చలిలో అది రేడియో సంకేతం దాదాపు పంపదు. నక్షత్రాల అసలు ముడిసరుకు ఇదే, మనకు కనబడనిదీ ఇదే. అందుకని దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను వెతుకుతారు. అది 2.6 మిల్లీమీటర్ల దగ్గర వెలుగుతుంది. 1970లో మొదటిసారి ఓరియన్ మేఘంలో దొరికింది. ఇప్పుడు చిలీలో 5000 మీటర్ల ఎత్తున ఉన్న అల్మా రేడియో టెలిస్కోపు, తన 66 డిష్‌లతో ఇలాంటి సంకేతాలను పట్టుకుంటోంది.

## దీపాలు లెక్కపెట్టి ఇళ్లెన్నో చెప్పడం

కార్బన్ మోనాక్సైడ్ వెలుగును బట్టి హైడ్రోజన్ బరువు చెప్పాలంటే ఒక గుణకం కావాలి. ఈ రంగంలో పెద్ద తగువు దాని చుట్టూనే.

రాత్రిపూట కొండ మీద నిలబడి, దూరపు ఊళ్లో దీపాలు లెక్కపెట్టి ఇళ్లెన్నో చెప్పాలనుకోండి. మామూలు రోజుల్లో ఇంటికి నాలుగు దీపాలని మీకు తెలుసు. నాలుగు వందల దీపాలు కనిపిస్తే వంద ఇళ్లు. ఇప్పుడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటి రాత్రి చూశారు. ఇంటికి ఇరవై దీపాలు పెట్టారు. రెండు వేల దీపాలు చూసి, పాత లెక్కతో ఐదు వందల ఇళ్లంటారు. ఇళ్లు మాత్రం వందే.

కలుస్తున్న గెలాక్సీలు పండగ రాత్రి ఊరులాంటివని 1998లో డెనిస్ డౌన్స్, ఫిలిప్ సాలమన్ వాదించారు. అక్కడి వాయువు విడివిడి మేఘాలుగా ఉండక, వెచ్చబడి, కల్లోలపడి, ఒకే పరుపులా ఉంటుంది. అందుకే అదే బరువుకు ఎక్కువ వెలుగునిస్తుంది. పాలపుంతకు వాడే గుణకం సుమారు 4.3 అయితే వీటికి 0.8 చాలునన్నారు. వాళ్ల ఆధారం బలమైనదే. పాత గుణకం వాడితే వాయువు బరువు, గెలాక్సీ తిరిగే వేగాన్ని బట్టి తేలిన మొత్తం బరువునే మించిపోతోంది. భాగం మొత్తాన్ని మించడం కుదరదు కదా.

దీని తేడా ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. కార్బన్ మోనాక్సైడ్ వెలుగు 500 కోట్ల ప్రమాణాలున్న ఒక గెలాక్సీ, ఏడాదికి 200 సూర్యుల మేర నక్షత్రాలను పుట్టిస్తోందనుకుందాం. 4.3తో గుణిస్తే వాయువు 2150 కోట్ల సూర్యుల బరువు. అది ఖర్చు కావడానికి దాదాపు 11 కోట్ల సంవత్సరాలు పడుతుంది. 0.8తో గుణిస్తే 400 కోట్ల సూర్యుల బరువు. రెండు కోట్ల సంవత్సరాల్లోనే అయిపోతుంది. సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో లక్ష కాంతి సంవత్సరాలు దాటడానికే పది కోట్ల సంవత్సరాలు కావాలి. కాబట్టి మొదటి లెక్కలో జాతర కలయిక పొడవునా సాగుతుంది, రెండో లెక్కలో మెరుపులా వచ్చి పోతుంది. ఒకే కొలత, ఒకే గెలాక్సీ, రెండు వేరు కథలు.

తర్వాతి పరిశోధకుల్లో కొందరు ధూళి వెలుగునూ, పరమాణు కార్బన్ సంకేతాన్నీ, మరింత దట్టమైన వాయువును చూపే గుర్తులనూ కలిపి చూసి, 0.8 మరీ తక్కువని, చాలా చోట్ల పాలపుంత గుణకానికి దగ్గరి విలువే సరిపోతుందని అంటున్నారు. వెచ్చని పలుచని వాయువు పండగ దీపాల్లా కళ్లు మిరుమిట్లు గొలిపితే, దట్టమైన వాయువు లెక్కకు అందకుండా పోతోందని వారి వాదన. నాకు తోచినంతలో, ఆర్ప్ 220 కేంద్రం వంటి ఇరుకు చోట్లకు డౌన్స్, సాలమన్‌ల మాట గట్టిది. దాన్ని కలయికలన్నిటికీ ఒకే పట్టీగా వాడటంలోనే చిక్కుంది. కలయిక తొలి దశలో ఉన్న జంటకు, చివరి దశలో ఉన్న జంటకు గుణకం ఒకటే ఎందుకుండాలి?

## గెలాక్సీ హద్దు దాటిపోయిన వాయువు

పరమాణు హైడ్రోజన్ పళ్లెం సాధారణంగా నక్షత్రాల పళ్లెం కన్నా వెడల్పు. అంచున ఉన్నదే ముందు ఊడుతుంది. సప్తర్షి మండలం దిక్కున, 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎం81, ఎం82, ఎన్‌జీసీ 3077 అనే మూడు గెలాక్సీలున్నాయి. మామూలు ఫొటోలో ఎవరి చోట వారున్నట్లు, ఒకరితో ఒకరికి పని లేనట్లు కనిపిస్తాయి. 1994లో ప్రచురించిన 21 సెంటీమీటర్ల పటంలో మూడింటినీ పెనవేసుకుని హైడ్రోజన్ వంతెనలు, తోకలు బయటపడ్డాయి. నన్ను అడిగితే ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి ప్రతి బడిలో చూపించాలంటాను.

స్టీఫన్ పంచకం ఇంకా వింత. సుమారు 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, పెగాసస్ రాశిలో ఉన్న ఈ గుంపులోకి ఒక గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు దగ్గరి వేగంతో దూసుకొస్తోంది. ఎదురైన వాయువులో పెద్ద ఆఘాత తరంగం రేగింది. అంత తాకిడికి అణువులు చిట్లిపోవాలి. తీరా స్పిట్జర్ టెలిస్కోపుతో చూస్తే, ఆ తరంగం వెంబడే అణు హైడ్రోజన్ బలంగా వెలుగుతూ దొరికింది. నలిగి వేడెక్కిన వాయువు, ఆ వేడిని వెలుగుగా పోగొట్టుకుంటూ మళ్లీ అణువులుగా జతకడుతోందన్నమాట. 2022లో చైనాలోని ఫాస్ట్ టెలిస్కోపు ఈ గుంపు చుట్టూ దాదాపు 20 లక్షల కాంతి సంవత్సరాల మేర పలుచని పరమాణు హైడ్రోజన్‌ను చూపింది. ఆకాశమంతటా నిండిన అతినీలలోహిత కాంతికి అంత పలుచని వాయువు ఎలక్ట్రాన్లు కోల్పోకుండా వంద కోట్ల సంవత్సరాలు ఎలా నిలిచిందో తేల్చాల్సి ఉంది.

మనకు వెయ్యి కోట్ల సంవత్సరాల నాటి వెలుగును చేరవేస్తున్న సాలెగూడు గెలాక్సీ దగ్గర ఈ బొమ్మ తలకిందులైంది. అక్కడ చిన్న గెలాక్సీలు ఎన్నో కలిసి ఒక మహా గెలాక్సీ తయారవుతోంది. దాని చుట్టూ రెండు లక్షలకు పైగా కాంతి సంవత్సరాల మేర చల్లని అణు వాయువు పరుచుకుని ఉందని 2016లో తేలింది. అందులోనే, గెలాక్సీల మధ్య ఖాళీలోనే, నక్షత్రాలు పుడుతున్నాయి. అంటే అక్కడ పరిసరాలు చెత్తకుప్ప కావు, గాదె.

## కలిశాక మిగిలేదేమిటి

ఇక్కడా రెండు వైపుల వాదన ఉంది. చాలాకాలం ప్రచారంలో ఉన్న కథ ఇది: వాయువు కేంద్రానికి చేరి కొంత నక్షత్రాలవుతుంది, కొంత మహా కృష్ణబిలానికి మేత అవుతుంది, ఆ రెండింటి ధాటికి మిగిలినది బయటికి ఎగిరిపోతుంది, చివరికి వాయువు లేని, కొత్త నక్షత్రాలు పుట్టని దీర్ఘవృత్త గెలాక్సీ మిగులుతుంది. 2005 ప్రాంతంలో కంప్యూటర్ నమూనాలు దీన్ని చక్కగా చూపాయి. కలుస్తున్న గెలాక్సీల నుంచి అణు వాయువు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో వెలువడటం కళ్లారా చూశారు కూడా.

అయితే 2018లో అరెసిబో టెలిస్కోపుతో, అప్పుడే కలయిక ముగిసిన గెలాక్సీలను కొలిస్తే వాటిలో పరమాణు హైడ్రోజన్ మామూలు గెలాక్సీల కన్నా ఎక్కువే ఉందని తేలింది. తోకల్లోకి విసిరిన వాయువు మళ్లీ వచ్చి పడుతుండవచ్చు. చుట్టూ ఉన్న వేడి వాయువు, కలయిక కుదుపుకు చల్లబడి లోపలికి దిగుతుండవచ్చు. ఎగిరిపోయే వాయువులోనూ ఎక్కువ భాగానికి గెలాక్సీ పట్టు తప్పించుకునే వేగం ఉండదు. ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేయవు. మొదటిది కేంద్రంలోని అణు వాయువు గురించి, రెండోది మొత్తం మీద ఉన్న పరమాణు వాయువు గురించి చెబుతున్నాయి.

## మన ఇంటి ముందే మొదలైన కలయిక

మళ్లీ ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఆండ్రోమెడా సంగతి సగానికి సగం. కానీ పాలపుంత ఇప్పటికే ఒక కలయికలో ఉంది. మెగెల్లాన్ మేఘాలు అనే రెండు చిన్న గెలాక్సీలు మన దగ్గరికి వచ్చాయి. వాటిలో పెద్దది పాలపుంతలో కలిసిపోవడం దాదాపు ఖాయమని 2025 నాటి ఆ లెక్కే చెప్పింది. అవి మరీ దక్షిణాన ఉండటంతో శ్రీకాకుళం నుంచి పెద్దది సముద్రపు అంచును దాటి పైకి రాదనే చెప్పాలి, చిన్నది అసలు ఉదయించదు. కానీ వాటి నుంచి ఊడిన పరమాణు హైడ్రోజన్ ఒక పొడవాటి ధారగా ఆకాశంలో చాలా మేర సాగి ఉందని 1974లో కనుగొన్నారు. ఆ ధార కొస కుంభ, పెగాసస్ రాశుల దాకా వస్తుంది.

కార్తిక మాసంలో ఇంటి ముందు ఆకాశదీపం కట్టాక తల పైకెత్తితే నడినెత్తికి దగ్గరగా నాలుగు చుక్కల పెద్ద చదరం కనిపిస్తుంది. అదే పెగాసస్. దాని ఈశాన్య మూల నుంచి కాస్త ముందుకు వెళ్తే, చీకటి బాగా ఉన్న ఊళ్లో, ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చలా కంటికే ఆనుతుంది. పోయిన కార్తికంలో ఆ అమ్మాయికి ముందు దాన్ని చూపించాను. తర్వాత చదరానికి నైరుతి పక్కన, ఏమీ కనబడని చోట, వేలితో గీత గీసి చెప్పాను: "ఆ నల్లటి చోట ఇప్పుడు హైడ్రోజన్ ఉంది. రెండు గెలాక్సీల నుంచి ఊడి మన వైపు వచ్చింది." ఆమె చాలాసేపు ఆ చీకటినే చూస్తూ నిలబడింది.